ఊపిరి పట్టీ, కనిగిరి కుట్టు

గుంటూరు వెళ్ళొచ్చానని చెప్పగానే మా కాకినాడలో అందరూ అడిగింది ఒకటే: "ఎండుమిరపకాయలు తెచ్చారాండీ?" తెచ్చాను, రెండు కిలోలు. అడిగినవాళ్ళకల్లా గుప్పెడేసి పంచాను కూడా. ఆ తర్వాత అసలు సంగతి చెబుదామని నోరు తెరిస్తే ఒక్కరికీ తీరిక లేదు. కాయలు పుచ్చుకుని చక్కా పోయారు. అందుకే రాస్తున్నాను. నేను గెలిచొచ్చిన ప్రయాణం ఇది. దాచుకునే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. పిల్లలు సత్యవతి మేడమ్ అంటారు, నేను వినడం లేదనుకున్నప్పుడు ఇంకేదో అంటారు. రెండేళ్ళుగా నాకో పిచ్చి పట్టుకుంది. బట్టలాగా ఒంటిమీద ఉండే ఎలక్ట్రానిక్స్ తయారుచెయ్యాలి. లాగితే సాగాలి, మడిస్తే మడత పడాలి, ఉతికితే బతకాలి. మిరప యార్డుల్లో దుమ్ము పీల్చే హమాలీల కోసం ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి మొదలుపెట్టాను. అందులో నల్ల రబ్బరు ముక్క ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా అది సాగుతుంది. ఆ కబురు పట్టీలోని తీగ మీదుగా మొలకి కట్టిన అగ్గిపెట్టెంత డబ్బాకి చేరుతుంది. డబ్బా మీద ఎర్ర దీపం ఒకసారి వెలుగుతుంది, ఆ లెక్క డబ్బాలో నమోదవుతుంది. అంటే ఊపిరికో వెలుగన్నమాట. మనిషి ఆయాసం దాచుకున్నా దీపం దాచదు.

చెప్పుకోవడానికి ఎంత సులువు! తీరా కడితే తీగ తెగుతుంది. రెండేళ్ళుగా తెగుతూనే ఉంది. మా ప్రిన్సిపాల్ గారు వరండాలో ఎదురైనప్పుడల్లా, "ఏమండీ సత్యవతి గారూ, జాకెట్లో బల్బు ఎప్పుడు వెలుగుతుందండీ?" అని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ వెలగని బల్బు చేతిలో పెట్టుకుని ఏం సమాధానం చెప్పగలను?

చివరికి మాకు గ్రాంటు ఇచ్చినవాళ్ళు తేల్చి చెప్పేశారు. శనివారం గుంటూరు యార్డుకి వాళ్ళ మనిషి వస్తాడు. ఒక హమాలీ పొద్దున పనిలోకి దిగినప్పటి నుంచి భోజనాల గంట దాకా పట్టీ కట్టుకుని మామూలుగా బస్తాలు మొయ్యాలి. దీపం ఆగకుండా వెలిగితే ఇంకో మూడేళ్ళు సాయం చేస్తారు. ఆగిందంటే ల్యాబ్ మూసేస్తారు. ప్రిన్సిపాల్ గారు ఆ గదిలో జిరాక్స్ మిషన్ ఎక్కడ పట్టేదీ అప్పుడే కొలతలు కూడా తీయించారు. నేను నాలుగు పట్టీలు, కరెంటు పారుతోందో లేదో చూసే మీటరు, ఒక జంతికల డబ్బా సంచిలో వేసుకుని సోమవారం పొద్దున్నే గుంటూరులో దిగాను. ఎస్టీడీ బూత్‌లు ఇంకా మూతపడని రోజులవి. మిరప సీజన్ మంచి ఊపు మీద ఉంది.

గుంటూరు: నలభై తుమ్ములు

బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ చెప్పాను. ప్లేటు ఎనిమిది రూపాయలు. ఇడ్లీ మీద ఎర్రటి కారప్పొడి గుట్టగా పోసి, దాని మీద నెయ్యి ధార కట్టి తెచ్చాడు. మా వైపు కొబ్బరిచట్నీ గిన్నెలో ఇడ్లీ ఈదుతూ ఉంటుంది. "బాబూ, కారప్పొడి లేకుండా రెండు తెస్తావా?" అన్నాను. ఆ మనిషి నన్ను నిజంగా జాలిగా చూసి, "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చి ఆ కారప్పొడే తిన్నాను. మూడు గ్లాసుల నీళ్ళు తాగాను.

యార్డు గేటు ఇంకా అల్లంత దూరాన ఉండగానే తుమ్ములు మొదలయ్యాయి. లోపలికి వెళ్తే ఎటు చూసినా ఎరుపే. బస్తాలు, కుప్పలు, మనుషుల భుజాలు, చివరికి అక్కడ పడుకున్న కుక్క వీపు కూడా ఎర్రగానే ఉంది. నా శిష్యురాలి మేనమామ కోటయ్య అక్కడ హమాలీ. ఇరవై ఏళ్ళుగా ఆ బస్తాలే మోస్తున్నాడు. తలకి తువ్వాలు చుట్టుకుని ఎదురొచ్చి, నన్ను చూసి పగలబడి నవ్వాడు.

"ఏందమ్మా, గేటు దగ్గరే ఇట్టా తుమ్ముతుంటే లోపలికొచ్చి ఏం చేస్తావు?"

మా గోదావరి జిల్లాల్లో పిల్లికి కూడా "అండీ" తగిలిస్తాం. ఇక్కడ పరిచయమైన మొదటి నిమిషంలోనే నువ్వు, గివ్వు. మొదట చివుక్కుమంది. సాయంత్రానికల్లా ఆ నువ్వులోనే చనువు ఎక్కువుందని తెలిసింది. అప్పటికి నేను లెక్కపెట్టిన తుమ్ములు నలభై. అక్కడివాళ్ళు మాత్రం ఒక్కరూ తుమ్మలేదు. కాకపోతే కోటయ్య జట్టులోని పెద్దాయన ఒకాయన, వెంకటసుబ్బయ్య, మధ్యమధ్య బస్తా మీద కూలబడి దగ్గుతున్నాడు. ఏమైందని అడిగితే "ఏం లేదమ్మా, దుమ్ము" అని చెయ్యి ఊపేశాడు.

కోటయ్యకి మొదటి పట్టీ కట్టాను. దీపం చక్కగా వెలిగింది. హమాలీలందరూ చుట్టూ చేరారు. "ఒరేయ్, కోటాయ్‌కి కరెంటు పెట్టారురోయ్!" అని ఒకడు కేక వేశాడు. ఆ సంబరం ఎంతసేపు? కోటయ్య మూడో బస్తా ఎత్తగానే దీపం ఆరిపోయింది.

"ఏందమ్మా, ఊపిరి ఆగిపోయిందా? నేనింకా బతికే ఉన్నానే!" అన్నాడు కోటయ్య. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను. రెండో పట్టీ కట్టాను, తెగింది. మూడోదీ తెగింది. నాలుగోది మాత్రం పావుగంట నిలిచి, నాకు ఆశ పుట్టించి మరీ తెగింది.  శనివారానికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి, చేతిలో పనికొచ్చే పట్టీ ఒక్కటీ లేదు.

భోజనాల వేళ కోటయ్య నా పక్కన కూర్చుని తెగిన తీగని వేళ్ళతో తిప్పి చూశాడు. "బస్తా ఎత్తేటప్పుడు గుండెలు ఇంత పొంగుతయ్యమ్మా. గుడ్డ సాగుతుంది, రబ్బరు సాగుతుంది. ఈ రాగితీగ ఒక్కటే నేను సాగనంటది. తెగక చస్తుందా?"

రెండేళ్ళ నా పరిశోధన సారాంశం అంతే. నా సంచిలో ఇంకో వస్తువు ఉంది. ఒక స్నేహితురాలు విదేశం నుంచి తెచ్చిచ్చిన దారం ఉండ, నైలాను పోగు మీద వెండి పూత పూసింది. మామూలు దారంలా మెత్తగా ఉండి కరెంటు పారిస్తుంది. కానీ కుట్టుమిషన్‌లో వేస్తే బిగుసుకుని పుటుక్కున తెగేది. అది చూపించగానే కోటయ్య, "ఇది జరీ లాంటిదే గదా! మంగళగిరి పో. జరీ నేసేవాళ్ళకి తెలియంది ఏముంటుంది?" అన్నాడు. అంతకన్నా మంచి సలహా నాకు అప్పటిదాకా ఏ సెమినార్‌లోనూ దొరకలేదు.

మంగళగిరి: సాగని గుడ్డ

మంగళవారం పొద్దున కొండెక్కి స్వామికి పానకం పోయించి, స్వామి పుచ్చుకోగా మిగిలిన సగం నేను తాగి, నేతవీధికి దిగాను. పానకంలో మిరియాల ఘాటు ఉంది. ఈ జిల్లాలో దేవుడికి కూడా కారం తగలాల్సిందే కాబోలు. వీధంతా మగ్గాల టకటక వినిపిస్తోంది. ఎవరిని అడిగినా ఒకే ఇల్లు చూపించారు. వీరరాఘవయ్య గారు అరవై దాటిన మనిషి, నడుం దాకా మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నారు. నా దారం అందుకుని నాలుక మీద పెట్టి చూశారు.

"వెండే. మా జరీ కంటే నాజూగ్గా ఉంది. ఏం నెయ్యాలమ్మా?"

సంగతంతా చెప్పాను. ఆయన సగం విని, మగ్గం మీద అయిపోవస్తున్న చీర చివర నాలుగు వేళ్ళ మేర పేకలో, అంటే అడ్డపోగుల్లో, నా దారం కలిపి నేశారు. చీర పన్నా మనిషి ఛాతీ చుట్టుకి సరిపోతుంది గనుక ఆ ముక్క కత్తిరిస్తే పట్టీ సిద్ధం. నేను నెలల తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్న కొలత ఆయనకి మగ్గంలోనే ఉంది. మీటరు పెట్టాను. ఈ చివర నుంచి ఆ చివరికి కరెంటు పిలిస్తే పలికినట్టు పారింది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

పట్టీకి రబ్బరు ముక్క, డబ్బా తగిలించి నా ఛాతీకే కట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చాను. దీపం వెలగలేదు. గుడ్డ ససేమిరా కదల్లేదు. ఇంకా గట్టిగా పీల్చితే నాకే పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

"బాబాయి గారూ, ఇది సాగడం లేదండీ."

అటూ ఇటూ దారం విసిరే నాడె ఆయన చేతిలో అలాగే ఆగిపోయింది. "సాగడమేందమ్మా? మా తాతల కాడినుంచి ఇంతవరకు మా ఇంట్లో నేసిన గుడ్డ సాగిందన్న మాట లేదు! సాగితే అది మంగళగిరి గుడ్డ ఎట్టా అవుద్ది?"

నేనేదో బూతు మాట అన్నట్టు ఇంట్లోంచి ఆయన భార్య కూడా బయటికి వచ్చి చూసింది. తప్పయిందని చెంపలు వేసుకున్నంత పని చేశాను. ఆవిడే చల్లబడి భోజనానికి లేవమంది. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, వేడన్నం, నువ్వులనూనె. మా ఇంట్లో గోంగూరలో కూడా చెయ్యి జారి బెల్లం ముక్క పడుతుంది. ఇక్కడ బెల్లం మాటెత్తితే విస్తరి ముందు నుంచి లేపేస్తారేమో అనిపించింది. కళ్ళలో నీళ్ళు కారుతుంటే మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాను.

చేతులు కడుక్కుంటుంటే వీరరాఘవయ్య గారు అన్నారు: "గుడ్డ ముక్కలు కొనుక్కుపోయే మనిషి ఒకామె ఉంది. కనిగిరిలో కాశింబీ అని, బొంతలు కుడుతుంది. ఆమె బొంత మా అమ్మాయి ఇంట్లో పదేళ్ళ నుంచి ఉంది. పిల్లలు ఈడ్చారు, పీకారు, బండకేసి ఉతికారు. గుడ్డ చిరిగింది గాని కుట్టు ఒక్కటి తెగలేదు. అదేం కుట్టో నాకూ తెలియదు. నువ్వు పోయి చూడు."

సాగని గుడ్డ నేసే మనిషి సాగే కుట్టు చిరునామా ఇచ్చి పంపాడు. ఆ పెద్దరికానికి దణ్ణం పెట్టి బయల్దేరాను.

కనిగిరి: కాలి బొటనవేలు

బుధవారం ఒంగోలు దాకా ఒక బస్సు, అక్కడ నుంచి కనిగిరికి ఇంకో బస్సు. చిలకలూరిపేట దాటాక చెమటకి కళ్ళు తుడుచుకుందామని చేతిరుమాలు తీశాను. సోమవారం యార్డులో తుమ్మిన రుమాలు అదే! ఆ తర్వాత పది నిమిషాలు నాకు లోకం కనపడలేదు. పక్క సీట్లో పత్తి విత్తనాల సంచి ఒళ్ళో పెట్టుకున్న రైతు భార్య "నలపమాక, నలపమాక" అంటూ తను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ నా కళ్ళ మీద పోసింది. ఒంగోల్లో దిగాక రెండు రూపాయల మజ్జిగ పాకెట్ కొనిస్తానంటే వద్దని, నాకే ఒకటి కొనిచ్చి వెళ్ళిపోయింది.

ఒంగోలు దాటాక నేల రంగు మారింది. నల్లరేగడి పోయి రాళ్ళూరప్పలూ వచ్చాయి. పొగాకు వేడికి ఆరబెట్టే ఎత్తైన గదులు, బ్యారన్లు, వరసగా కనిపించాయి. మా కోనసీమ కాలవలు చూసి పెరిగిన కళ్ళకి, ఇక్కడ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయా అని బెంగ పుట్టింది. కనిగిరి కొండ, దాని మీద పాత కోట కనిపించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

కాశింబీ ఇల్లు వెతకక్కర్లేకపోయింది. వీధి మొదట్లోనే గాలిలో దూది ఎగురుతోంది. ఆమె భర్త దూదేకే మిషన్ నడుపుతాడు, ఆమె ముప్ఫై ఏళ్ళుగా బొంతలు, పరుపులు కుడుతోంది. యాభై ఏళ్ళుంటాయి, తలలో నెరిసిన వెంట్రుకలేవో దూది ఏదో తెలియడం లేదు. పేరు విని, నేను తెలివిగా హిందీలో పలకరించబోయాను. కాలేజీలో నేర్చుకున్న నాలుగు ముక్కలూ వరసగా వదిలాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"తెలుగులో చెప్పమ్మా. మాకు ఆ మాటలు రావు."

సిగ్గుతో చచ్చిపోయాను. తెలుగులోనే చెప్పాను. తెగిన పట్టీలు చూపించాను, శనివారం సంగతి, ల్యాబ్ మూసేసే సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆమె వెండి దారం తీసుకుని వెలుగుకి పట్టి చూసి, "తప్పు దారానిది కాదు. కుట్టేటప్పుడు గుడ్డని పడుకోబెట్టి కుట్టావు. అది లేస్తే దారం తెగకేం చేస్తుంది?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పడం మానేసి చేసి చూపించింది. పాత బనియను గుడ్డ ఒకటి తెచ్చి, ఒక చివర గోడ మేకుకి తగిలించింది. రెండో చివర తన కాలి బొటనవేలికి చుట్టి, మోకాలు చాపి గుడ్డని బాగా లాగి పట్టింది. అట్లా లాగి ఉన్న గుడ్డ మీద వెండి దారం వేసి, మామూలు దారంతో అక్కడక్కడ పట్టు కుట్లు వేసుకుంటూ పోయింది. మూరెడు కుట్టాక కాలు ముడిచింది. గుడ్డ ఠక్కున దగ్గరికి వచ్చింది. వెండి దారం పాము నడకలాగా చిన్న చిన్న వంకరలు తిరిగి పడుకుంది. మళ్ళీ కాలు చాపితే వంకరలన్నీ సాగి నిటారుగా అయ్యాయి, ముడిస్తే మళ్ళీ వంకరలే.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఎక్కడో పెద్ద పెద్ద ల్యాబుల్లో రబ్బరుని ముందే లాగి పట్టి, దాని మీద లోహం పూత పరిచి, వదిలితే పూత ముడతలు పడి ఆ తర్వాత ఎంత లాగినా చీలదని చదివాను. చదివి, మనకి అంతేసి మిషన్లు ఎక్కడివిలే అని పక్కన పడేశాను. ఆ మిషను ఇదిగో, కనిగిరిలో ఒకామె కాలి బొటనవేలు. సిగ్గు, సంతోషం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చి, ఆమెని గట్టిగా వాటేసుకున్నాను.

"ఇంతోటి దానికేనా?" అంది ఆమె ఊపిరాడక. "మా అత్త నేర్పింది. పిల్లలు కాళ్ళు తన్నినా బొంత కుట్టు తెగకూడదు గదా."

మీటరు పెట్టి లాగాను. సగానికి సగం సాగినా కరెంటు పిసరంత తగ్గలేదు, ముల్లు ఉన్నచోటే ఉంది. రబ్బరు ముక్క, డబ్బా తగిలించి నేను లాగాను, ఆమె లాగింది, దూది మిషను ఆపి ఆమె భర్త వచ్చి రెండు చేతులా లాగాడు. లాగినప్పుడల్లా దీపం వెలుగుతూనే ఉంది. ఆ పూట వాళ్ళింట్లోనే తిన్నాను, సజ్జరొట్టె, నాటుకోడి పులుసు. రొట్టె ఎట్లా విరవాలో తెలియక అన్నంలా కలపబోతే కాశింబీ నా చేతిలోంచి లాక్కుని తనే తుంచి పెట్టింది. గురువారమంతా కూర్చుని, నా పాత పట్టీల్లోని రబ్బరు ముక్కలు, చివర్లకి టిచ్ బటన్లు పెట్టి ఆమె మూడు పట్టీలు కుట్టింది. కుట్టుకూలి ఇవ్వబోతే, "ముందు నీ పరీక్ష కానీ. నెగ్గితే అప్పుడియ్యి" అంది. శుక్రవారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మూడు పట్టీలూ చక్కగా మడతపెట్టి, కొత్త కాగితంలా నిగనిగలాడుతూ సంచిలో ఉన్నాయి. ఎంత శ్రద్ధో అనుకుని మురిసిపోయి బస్సెక్కాను.

సింగరాయకొండ: కుళాయి కింద

రైలు కోసం సింగరాయకొండ చేరాను. ప్యాసింజర్ రెండు గంటలు లేటన్నారు. ఊరికే కూర్చోలేక ఒక పట్టీ తీసి, టిచ్ బటన్లకి డబ్బా తగిలించి కట్టుకున్నాను. దీపం వెలగలేదు. రెండోది తీశాను, వెలగలేదు. మూడోది కూడా అంతే. బెంచీ మీద కూలబడిపోయాను. మొన్న ముగ్గురు మనుషులు లాగితే వెలిగిన దీపం! రేపు పొద్దున పరీక్ష. ఒక్కసారిగా ప్రిన్సిపాల్ గారి నవ్వు, జిరాక్స్ మిషను కళ్ళ ముందు కనిపించి ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఎవరూ నాకు తెలిసినవాళ్ళు కాదు కదా అని.

బెంచీ పక్కన జామకాయలు అమ్ముకునే ఆమె బుట్ట దించి దగ్గరికొచ్చింది. "ఏమైందమ్మా? ఏందా గుడ్డ? బలే గంజి పెట్టారే!"

గంజి! పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే అన్నం వాసన. పట్టీలు అట్టల్లా బిగుసుకుని ఉన్నాయి. చేతి పని గంజి పెట్టకుండా గడప దాటించడం కాశింబీ ఇంట్లో లేదట, తర్వాత ఫోన్లో చెప్పింది. నా పట్టీలకి కూడా ఆ మర్యాద జరిగింది. గంజి పొర ఆరిపోయి వెండికీ బటనుకీ మధ్య గోడ కట్టేసింది. అంతే, కరెంటు ఆగింది.

కడగాలి. కడిగితే కుట్టు నిలుస్తుందా? అప్పటిదాకా నేను ఒక్క పట్టీని కూడా ఉతికి చూసే ధైర్యం చెయ్యలేదు. ఇప్పుడు వేరే దారి లేదు. ప్లాట్‌ఫాం కుళాయి కింద పెట్టి పిసకడం మొదలుపెట్టాను. "అట్టా సుకుమారంగా పిసికితే గంజి పోద్దా?" అని జామకాయలామె నా చేతిలోంచి లాక్కుంది. గట్టు మీద వేసి, నా గుండెలు బాదుతున్నట్టే బాదింది. మెలిపెట్టి పిండింది. చుట్టూ పదిమంది చేరారు. ఇవేమిటని ఒకాయన అడిగితే, "ఊపిరి చూసే గుడ్డలంట" అని నా బదులు ఆమే చెప్పేసింది.

బెంచీ మీద ఎండలో ఆరేశాం. గంటసేపు ఆ మూడు గుడ్డల్నే చూస్తూ కూర్చున్నాను. ఆరాక ఒకటి కట్టుకుని కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాను. జామకాయలామె కేక పెట్టింది: "వెలిగిందమ్మోయ్!"

మూడూ వెలిగాయి. బండ ఉతుకు తిని కూడా వెలిగాయి! నేను చెయ్యడానికి భయపడ్డ ఉతుకు పరీక్ష ఒక స్టేషను కుళాయి కింద పూర్తయిపోయింది. రూపాయికి రెండు చొప్పున జామకాయలు పాతిక రూపాయలవి కొని, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ పంచాను. ఆ రైలు రెండు గంటలు లేటు చేసినవాళ్ళకి నా వందనాలు.

మళ్ళీ గుంటూరు: భోజనాల గంట

శనివారం ఏడింటికల్లా యార్డులో ఉన్నాను. గ్రాంటువాళ్ళు పంపిన పరిశీలకుడు నీటుగా ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, ముక్కుకి రుమాలు. పట్టీ చూసి, "తీగ ఎక్కడ?" అన్నాడు. "తీగ లేదండీ, కుట్టు ఉంది" అన్నాను. ఆయనకి నచ్చినట్టు లేదు.

కోటయ్య ఛాతీకి పట్టీ కట్టాను. గంట కొట్టారు. మొదటి బస్తా ఎత్తాడు, వెలిగింది. మూడో బస్తా ఎత్తేటప్పుడు నేను చూడలేక కళ్ళు తిప్పేసుకున్నాను. "వెలుగుతానే ఉందమ్మా!" అని కోటయ్యే అరిచాడు. పది, ఇరవై, నలభై బస్తాలయ్యాయి. చెమట కారి పట్టీ తడిసిపోయింది. దుమ్ము పడి తెల్లగుడ్డ ఎర్రబడింది. పరిశీలకుడు కోటయ్య వెనకాలే తిరుగుతూ, ఉన్నట్టుండి పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుని జానెడు లాగాడు.

"లాగమాకండి సారూ! లోపల నేనున్నా!" అన్నాడు కోటయ్య.

పదకొండింటప్పుడు లారీ మీద నుంచి ఒక బస్తా జారింది. కోటయ్య ఛాతీతో అడ్డుపడి ఆపాడు. బస్తా పట్టీని ఒరుసుకుంటూ కిందికి దిగింది. అందరం ఆగిపోయాం. అతను నిటారుగా నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఎర్రగా వెలిగింది. ఎవరో ఈల వేశారు. ఒంటిగంటకి భోజనాల గంట మోగేసరికి దీపం ఒక్క ఊపిరి కూడా తప్పలేదు. డబ్బాలో నమోదైంది చూసుకుని, పరిశీలకుడు ముక్కుకున్న రుమాలు తీసి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. తీసిన పాపానికి పదహారు తుమ్ములు తుమ్మాడు. నేను లెక్కపెట్టాను, మొహమాటం లేకుండా.

"మూడేళ్ళు ఖాయం మేడమ్" అన్నాడు తుమ్ముల మధ్యలో. ఫైల్లో కాగితం తీసి రూపకర్త పేరు రాయమన్నాడు. కాశింబీ, కనిగిరి అని రాసి, దాని కింద నా పేరు రాశాను. ఆమె క్వాలిఫికేషన్ ఏమిటని అడిగాడు. "ముప్ఫై ఏళ్ళుగా తెగని కుట్టు" అన్నాను. ఆయన ఒక్కక్షణం ఆలోచించి, అదే రాసుకున్నాడు.

భోజనాల గంట మోగినా హమాలీలు భోజనాలకి పోలేదు. నాకు కట్టు, నాకు కట్టు అని వరస కట్టారు. ఎవరి ఊపిరి వాళ్ళు దీపంలో చూసుకుని పసిపిల్లల్లా నవ్వుకున్నారు. వెంకటసుబ్బయ్య దూరంగా బస్తా మీద కూర్చుని ఉన్నాడు. కోటయ్య చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. పెద్దాయన వద్దంటూనే కట్టించుకున్నాడు.

దీపం గబగబా వెలిగింది. మిగతావాళ్ళకి ఒకసారి వెలిగేలోపు ఆయనకి మూడుసార్లు వెలుగుతోంది, అది కూడా ఒక పద్ధతి లేకుండా. ఆయన కూర్చునే ఉన్నాడు, బస్తా మోయడం లేదు. నవ్వులన్నీ ఆగిపోయాయి.

"ఏం లేదు, దుమ్ము" అనబోయాడు పెద్దాయన. దీపం వంక చూసుకుని ఆ మాట సగంలో ఆపేశాడు.

"పద బాబాయ్, పెద్దాసుపత్రికి పోదాం" అన్నాడు కోటయ్య. "రేపు పోదాంలేరా" అన్నాడాయన. "రేపు లేదు, ఇప్పుడే" అని నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆటో నేనే పిలిచాను, పట్టీ విప్పకుండానే ఆయన్ని ఎక్కించాం.

డాక్టరు ఛాతీ పరీక్ష చేసి, ఎక్స్‌రే తీయించి, వెంటనే మంచం ఇప్పించాడు. ఎక్స్‌రేకని విప్పిన పట్టీని పెద్దాయన అడిగి మరీ మళ్ళీ కట్టించుకున్నాడు. "సమయానికి తీసుకొచ్చారు. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే బస్తాలు మోసుంటే మా చేతిలో ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం బాగవుతుంది" అన్నాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ రానివాడివి, ఇవాళ ఎవరు పంపించారు తాతా?" అని అడిగాడు.

వెంకటసుబ్బయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. చొక్కా పైకెత్తి, మొల దగ్గర వెలుగుతున్న ఎర్ర దీపం చూపించాడు.